ఘంటసాలా, బాలూనా అన్న వాదనలో జానకి ఎందుకు లేరు?

హైదరాబాద్‌లో గొప్ప గాయకుడెవరన్న వాదన పేటను బట్టి మారుతుంది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పాత పాటల కార్యక్రమం ముగిశాక మెట్ల దగ్గర ఆగి మాట్లాడుకునే వాళ్లకు ఘంటసాల మాస్టారి తర్వాతే ఎవరైనా. చార్మినార్ వైపు ఇరానీ చాయ్ ముందు పెట్టుకుని కూర్చున్న పెద్దమనిషిని కదిలిస్తే రఫీ సాబ్‌తోనే పాట అయిపోయిందంటాడు. అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్న కుర్రాడు సిద్ శ్రీరామ్ పేరెత్తితే, ఊళ్లో ఉన్న వాళ్ల నాన్న ఫోన్లోనే బాలు పేరు చెప్పి ఆ మాట కొట్టిపారేస్తాడు.

పైగా ఈ ఊళ్లో ఉర్దూ పాటా తెలుగు పాటా పక్కపక్కనే పెరిగాయి. వాళ్లు వేరు, మనవాళ్లు వేరు అని గీత గీద్దామన్నా కుదరదు. రఫీ 'భలే తమ్ముడు' (1969), 'ఆరాధన' (1976) సినిమాల్లో ఎన్టీఆర్‌కి పాడారు. లతా మంగేష్కర్ 'సంతానం' (1955)లో తమ్ముణ్ని నిద్రపుచ్చే పాట పాడి, తర్వాత 'ఆఖరి పోరాటం' (1988)కి కూడా తెలుగులో గొంతు కలిపారు. అందుకే ఇక్కడ వాదన మొదలైతే రెండు భాషల పేర్లూ వస్తాయి. ఎంత పొద్దుపోయినా ఎవరూ ఎవరి మాటా ఒప్పుకోరు.

ఒప్పుకోకపోవడం మన ఒక్కరి జబ్బేమీ కాదు. అమెరికా పత్రిక రోలింగ్ స్టోన్ 2023 జనవరి 1న 200 మంది గొప్ప గాయకుల జాబితా వేసింది. మొదటి స్థానం అమెరికా గాయని అరీతా ఫ్రాంక్లిన్‌ది. 2008లో 100 మందితో వేసిన జాబితాలోనూ ఆవిడే మొదట. లతకు 84వ స్థానం ఇచ్చారు, నుస్రత్ ఫతే అలీ ఖాన్‌కి 91. కెనడా గాయని సెలీన్ డియాన్ పేరు అసలు లేకపోవడంతో ఆవిడ అభిమానులు న్యూయార్క్‌లోని పత్రిక ఆఫీసు ముందు నిరసనకు దిగారు. జాబితా వేసినవాళ్లు ముందుజాగ్రత్తగా ఇది గొప్ప గాయకుల జాబితా, గొప్ప గొంతుల జాబితా కాదని రాసుకున్నారు. అయినా తిట్లు తప్పలేదు.

ఆ జాబితాలో పైన ఉన్నవాళ్లలో ఎక్కువమంది తమ పేరుతో, తమ ముఖంతో పాడినవాళ్లు. పాట వాళ్లది, వేదిక వాళ్లది, ఆల్బమ్ అట్ట మీద బొమ్మా వాళ్లదే. మన గాయకుడికి ఆ సౌకర్యం లేదు. తెర మీద ఇంకొకరు పెదవులు కదుపుతుంటే తాను గాజు గదిలో మైకు ముందు నిలబడి, చూడని సన్నివేశానికి పాడాలి. అక్కడి కొలతలు తెచ్చి ఇక్కడి పనికి పెడితే సరిపోవు. మనం వాడే కొలతలు మాత్రం ఎక్కువగా అక్కడివే, లేదంటే అంకెలే.

అంకెల సంగతే ముందు చూద్దాం. బాలు అభిమాని మొదట బయటికి తీసేది 40 వేల పాటలు. 1966 డిసెంబరులో ఎస్.పి.కోదండపాణి దగ్గర తొలి పాట రికార్డయిన నాటి నుంచి 2020 సెప్టెంబరు దాకా సుమారు 54 ఏళ్లు. భాగించి చూస్తే ఏడాదికి 740. పండగా పబ్బం, జలుబూ జ్వరం లేకుండా 54 ఏళ్లూ రోజుకు రెండు పాటలు పాడాలన్నమాట. ఒక్కరోజులో 21 కన్నడ పాటలు పాడారని చెప్పే మనిషికి బాగా నడిచిన ఏళ్లలో ఇది అసాధ్యమేం కాదు. మొత్తం జీవితానికి అదే వేగం అంటగట్టడం దగ్గరే పేచీ.

ఇలాంటి లెక్కలతో అంతకుముందే ఒక పెద్ద గొడవ జరిగింది. 1974లో గిన్నిస్ పుస్తకం లత 25 వేల పాటలు పాడారని రాసింది. దానికి రఫీ అభ్యంతరం చెప్పారు, తన లెక్క అంతకంటే ఎక్కువేనన్నారు. తర్వాతి ముద్రణల్లో రఫీ చెప్పిన 28 వేల అంకె కూడా చేరింది. చివరికి 1991లో ఆ రికార్డునే ఎత్తేశారు. పాటల పుస్తకాలు ముందేసుకుని ఒక్కొక్కటీ లెక్కపెట్టినవాళ్లకు ఇద్దరి పాటలూ ఆ అంకెల దరిదాపుల్లోకి కూడా రాలేదు. 2016లో పి.సుశీల పేరు గిన్నిస్‌కి ఎక్కినప్పుడు అంకె 17,695. చివరన సున్నాలు లేని ఆ అంకెను చూస్తేనే తెలుస్తుంది, ఎవరో కూర్చుని లెక్కపెట్టారని. వాదనలో మాత్రం 40 వేల ముందు 17,695 చిన్నదిగా కనిపిస్తుంది. నిజం చెప్పినందుకు సుశీలకు దక్కిన ఫలితం అది.

అవార్డులతోనూ పని జరగదు. నేపథ్య గాయకుడికి జాతీయ అవార్డు ఇవ్వడం మొదలైంది 1967 సినిమాలతో, గాయనికి 1968తో. ఘంటసాల గొంతు నిండుగా ఉన్నది 1950ల్లో, 60ల తొలి సగంలో. ఆయన 1974 ఫిబ్రవరి 11న పోయారు. నంది అవార్డుల్లో గాయకుల విభాగం ఆ తర్వాతే వచ్చింది. కాబట్టి బాలుకు 6 జాతీయ అవార్డులు, ఏసుదాసుకు 8, ఘంటసాలకు సున్నా అని పట్టిక గీస్తే అది తేదీల పట్టిక అవుతుంది. ఆస్కార్‌ది ఇంకో తమాషా. 2023 మార్చిలో 'నాటు నాటు' పాటకు అవార్డు వచ్చినప్పుడు దాన్ని అందుకున్నది కీరవాణి, చంద్రబోస్. హైదరాబాద్ కుర్రాడు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ అదే వేదిక మీద ఆ పాట పాడారు. పాడినవాళ్లకు మాత్రం ఆస్కార్ బొమ్మ లేదు. ఆ విభాగం స్వరం కట్టినవాళ్లకూ పాట రాసినవాళ్లకూ మాత్రమే.

మిగిలింది గొంతు స్థాయి. ఎన్ని స్థాయిలు (ఆక్టేవ్‌లు) ఎక్కగలడు, ఎంత పైకి పోగలడు అన్నది కుర్రకారుకి ఇష్టమైన వాదన. క్వీన్ బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ గొంతు నాలుగు స్థాయిలు పలుకుతుందని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. 2016లో ఐరోపా పరిశోధకులు ఆయన రికార్డింగులు పరీక్షించి, ఆ మాటను రుజువు చేయలేకపోయారు. వాళ్లకు దొరికిన విశేషం వేరే. ఆయన గొంతులో కంపనం సెకనుకు సుమారు 7 సార్లు, మామూలు గాయకుల కంటే వేగంగా వస్తోంది. వినేవాళ్లు అంతకాలం అందుకే ముగ్ధులయ్యారు కాబోలు, లెక్క మాత్రం స్థాయిల పేరుతో రాశారు. మన దగ్గరా అంతే. ఘంటసాల తారస్థాయి గురించి మాట్లాడేవాళ్లు ఆయన కింది స్వరాల్లో చేసిన పని గురించి మాట్లాడరు. నిజానికి ఆయన గొప్పదనంలో సగం అక్కడే ఉంది.

అది ఎందుకో తెలియాలంటే పద్యం సంగతి చెప్పుకోవాలి. మైకు రాకముందు నాటకంలో పద్యం పాడే నటుడికి చివరి వరుసలో కూర్చున్నవాడికీ వినిపించాలన్నదే మొదటి షరతు. అందుకని శ్రుతి పెంచి, పాదం చివర రాగం సాగదీసి, జనం వన్స్‌మోర్ అనేదాకా వదిలేవారు కాదు. పద్యంలో కవి ఏం చెప్పాడో ఆ హోరులో చాలాసార్లు కొట్టుకుపోయేది. విజయనగరం సంగీత కళాశాలలో శాస్త్రీయ సంగీతం చదువుకున్న ఘంటసాలకు ఆ రాగాలాపన చేతకాక కాదు. మైకు ఉన్నప్పుడు అరవనక్కర్లేదని ఆయన పసిగట్టారు. ఆలాపన తగ్గించారు. పాదం ముగిసిందని ఆగడం మానేసి, మాట ముగిసిన చోట ఆగారు. వృత్తపద్యంలో మాట ఒక పాదం దాటి రెండో పాదంలోకి పోతుంటుంది, పాదం చివర ఆగితే మాట రెండు ముక్కలవుతుంది. ఘంటసాల దాన్ని ముక్క కానివ్వరు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి 'పుష్పవిలాపం' ఆయన గొంతులో వింటే, ఛందస్సు తెలియని మనిషికీ పద్యం అర్థమవుతుంది. పూజకు కోయబోతే పువ్వు మొరపెట్టుకునే చోట గొంతు పెరగదు, తగ్గుతుంది. తెలుగు పద్యాన్ని చదువురాని వాళ్లు కూడా నోటికి నేర్చుకున్నారంటే ఆ తగ్గించడంలోనే ఉంది కిటుకు. ఆయన తర్వాత సినిమాలో పద్యం పాడిన ప్రతివాడూ ఆయనలాగే పాడాడు, లేదంటే ఆయనలా పాడకూడదని కష్టపడ్డాడు.

బాలు ఆ దారిలో పోటీకి వెళ్లలేదు. ఆయనకు శాస్త్రీయ సంగీతంలో చిన్నప్పటి నుంచి కూర్చుని నేర్చుకున్న చదువు లేదు. 'శంకరాభరణం' పాటలకు కె.వి.మహదేవన్ సహాయకుడు పుహళేంది దగ్గర నేర్చుకుని పాడి, జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. అయితే ఆయన అసలు బలం చూడాలంటే 'శంకరాభరణం' కంటే 'మనుషులంతా ఒక్కటే' (1976)లో అల్లు రామలింగయ్యకు పాడిన 'ముత్యాలు వస్తావా' మంచి సాక్ష్యం. అందులో బాలు గొంతు వెతికినా దొరకదు. అల్లు మాట ఎలా వంకర్లు పోతుందో, ఎక్కడ లోపలికి నవ్వుతుందో, పాట అలాగే వంకర్లు పోతుంది. శ్రుతి మాత్రం ఎక్కడా తప్పదు. మిమిక్రీ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, శ్రుతిలో పాడేవాళ్లూ ఉన్నారు, రెండూ ఒకేసారి చేయడమే కష్టం. కమల్ హాసన్‌కి తెలుగులో ఏళ్లకేళ్లు డబ్బింగ్ చెప్పిన మనిషి, 'దశావతారం'లో పది పాత్రల్లో ఏడింటికి గొంతు ఇచ్చిన మనిషి, పాటలోనూ అదే పని చేశారు.

ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి వినడానికి ఒక పాట ఉంది, దాన్ని ఎవరూ వాదనలోకి తేరెందుకో. 'ఏకవీర' (1969)లో దేవులపల్లి కృష్ణశాస్త్రి రాసిన 'ప్రతి రాత్రి వసంత రాత్రి' ఇద్దరూ కలిసి పాడారు, ఎన్టీఆర్‌కి ఘంటసాల, కాంతారావుకి బాలు. అప్పటికి ఒకరికి 46 దాటాయి, ఇంకొకరికి 23. ఒకే వరస, ఒకే వాద్యబృందం. ఘంటసాల మాటను పట్టుకుని స్వరాన్ని దాని వెంట నడిపిస్తారు. బాలు స్వరాన్ని పట్టుకుని మాటను దాని మీద తేలుస్తారు. వీరిలో ఎవరు గొప్పో ఆ పాట తేల్చదు. ఒకే వరసలో రాయని సంగతులు, అంటే స్వరాల మలుపులు, ఎవరు ఎక్కడ కలిపారో మాత్రం చెవికి స్పష్టంగా అందుతుంది. నేపథ్యగానంలో కొలవదగ్గ పని ఏదైనా ఉంటే ఇదే. సంగీత దర్శకుడు నేర్పిన వరసకూ రికార్డులో వినిపించే పాటకూ మధ్య గాయకుడు ఏం చేర్చాడు, ఆ చేర్చింది తెర మీది మనిషికి అతికిందా లేదా. మిగతావన్నీ అభిమానం కిందికి వస్తాయి. అభిమానం తప్పేం కాదు, కొలతగా పనికిరాదంతే.

ఉచ్చారణను కూడా ఈ లెక్కలోనే చూడాలి. సిద్ శ్రీరామ్ తెలుగు పలుకు మీద వచ్చిన విమర్శలు చిన్నవేం కావు. అందులో నిజమూ ఉంది. కాకపోతే అదే నోటితో రఫీ తెలుగు పాటలకు పరవశించేవాళ్లు ఒకసారి ఆగి వినాలి. రఫీ తెలుగులోనూ కొన్ని అక్షరాలు ఒరిగాయి, కొన్ని ఒత్తులు జారాయి. అక్కడ ముద్దొచ్చిన తప్పు ఇక్కడ పంటి కింద రాయి కావడానికి 50 ఏళ్ల అలవాటు తప్ప వేరే కారణం కనిపించదు. మార్కులు తగ్గిస్తే ఇద్దరికీ తగ్గించాలి. ఆ తగ్గింపుతో ఇద్దరూ తెలుగు పట్టికలో పైకి రారు. ఉర్దూలో రఫీ స్థానానికి దీంతో వచ్చిన నష్టమేమీ లేదు.

హైదరాబాద్‌లో కూర్చుని ఈ విషయం రాసేటప్పుడు ప్రజా గాయకుడు గద్దర్‌ని తలవకుండా ఉండలేం. 1990లో నిజాం కాలేజీ మైదానంలో విప్లవ పాటల బృందం జననాట్యమండలితో ఆయన పాడినప్పుడు వచ్చిన జనం ఏ సినిమా గాయకుడి మ్యూజికల్ నైట్‌కీ రాలేదు. గొంగడి, కర్ర, కాలికి గజ్జెలు, తన ముఖం, తన గొంతు. జనం పాట అంటే సినిమా పాటే అనుకోవడం వల్ల ఆయన ఏ జాబితాలోనూ కనిపించరు. విచిత్రం ఏమిటంటే ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకు ఆయన పేరే పెట్టింది. 2025 జూన్‌లో తొలిసారి ఇచ్చింది కూడా. ఆయన పని వేరు, దాన్ని నేపథ్యగానం కొలతతో కొలవడం ఆయనకూ న్యాయం కాదు, కొలతకూ న్యాయం కాదు.

ఇక అసలు చిక్కు. పరాయి ముఖానికి గొంతు అతికించడమే పని అయితే, ఆ పనిలో ఎస్.జానకిని మించినవాళ్లు ఎవరు? 'సప్తపది' (1981)లో 'గోవుల్లు తెల్లన' వినండి. పసివాడి గొంతు ఆవిడదే. పిల్లల గొంతు అనుకరించే పెద్దవాళ్లు మాట సన్నం చేస్తారు, అంతటితో సరిపెడతారు. జానకి ఊపిరిని కూడా చిన్నది చేశారు. పసివాళ్లు పాడేటప్పుడు పొడుగు మాటకు గాలి చాలక చివర్లో తొందరపడతారు కదా, ఆ తొందర ఆ పాటలో ఉంది. 'మురిపించే మువ్వలు' (1962)లో కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరానికి దీటుగా 'నీ లీల పాడెద దేవా' పాడినదీ ఈ గొంతే. నాదస్వరం పక్కన మనిషి గొంతు నిలబడటమే గగనం. 'సితార' (1984)లో గోదారి పాటకు జాతీయ అవార్డు తెచ్చుకున్నదీ ఆవిడే. మొత్తం 4 జాతీయ అవార్డులు, అవీ తమిళం, మలయాళం, తెలుగు మూడింట్లోనూ. బాలు కోసం ఆయన అభిమానులు వాడే ప్రతి వాదనా, గొంతులు మార్చడం, భాషలు, కష్టమైన పాటలు, అన్నీ ఈవిడకూ వర్తిస్తాయి. అయినా వాదన మొదలైతే ఘంటసాలా, బాలూనా అనే అడుగుతారు. సుశీలా, జానకా అన్నది వేరే పోటీ, ఆడవాళ్ల విభాగం లాగా.

దీనికి కారణం గొంతుల్లో లేదు, తెర మీద ఉంది. మన దగ్గర గాయకుడి కీర్తి హీరోతో ముడిపడింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ దశాబ్దాలు హీరోలుగా ఉన్నారు కాబట్టి ఘంటసాల గొంతుకు రెండు శాశ్వతమైన ముఖాలు దొరికాయి. ఆ అభిమాన సంఘాల ఉత్సాహమంతా గాయకుడి ఖాతాలోకీ కొంత వచ్చి చేరింది. హీరోయిన్లు అలా కాదు, పదేళ్లు తిరిగేసరికి కొత్తవాళ్లు వస్తారు. సుశీల సావిత్రికి పాడారు, జమునకు పాడారు, వాణిశ్రీకి పాడారు, జయసుధకూ పాడారు. జానకి అంతకంటే ఎక్కువ రకాల పాత్రలకు పాడారు. ముఖాలు మారుతూ పోయాయి, గొంతు ఉండిపోయింది, ఆ గొంతు ఎవరిదో గుర్తుపెట్టుకునే అభిమాన సంఘం మాత్రం ఏర్పడలేదు. తన పాట తానే పాడుకున్న భానుమతి ఒక్కరికే ఈ బాధ లేదు. 'మల్లీశ్వరి' గొంతు ఎవరిదని ఎవరూ అడగరు.

అందుకే ఎక్కువ ముఖాలకు పాడటం జానకికి పేరు తగ్గించింది. పని లెక్కన చూస్తే పెంచాలి. 2013లో పద్మభూషణ్ ప్రకటించినప్పుడు ఇది మరీ ఆలస్యమని, దక్షిణాది కళాకారులకు తగిన గుర్తింపు రావడం లేదని చెప్పి ఆవిడ కాదన్నారు. అప్పటికి ఆవిడ పాడటం మొదలుపెట్టి 55 ఏళ్లు దాటింది. అలిగారని కొందరన్నారు. అదే మాట ఒక గాయకుడు అనుంటే ఆత్మగౌరవం అనేవాళ్లేమో.

కాబట్టి తెలుగు సినిమా పాట వరకు పేరు చెప్పక తప్పదంటే మొదట జానకి పేరే రాయాలి. పక్కనే కొంచెం కింద బాలు. పద్యం వేరే పట్టిక, అందులో ఘంటసాల పేరు రాశాక రెండో గడి చాలాసేపు ఖాళీగా ఉంటుంది. సుశీల అభిమానులు దీనికి ససేమిరా అంటారు. వాళ్ల చేతిలో ఉన్న ఆధారం కూడా గట్టిదే. పాటలో ఒక్క అక్షరం ఒరగకుండా, ఒక్క ఒత్తు జారకుండా దశాబ్దాలు పాడిన గొంతు ఆవిడది. గొంతు మార్చడం కంటే మాట నిలబెట్టడమే పెద్ద పని అని వాళ్లు వాదిస్తే, పైన ఘంటసాల గురించి రాసినదంతా వాళ్ల పక్షానే సాక్ష్యం చెబుతుంది.